వెనక బంపరు మీద రెండు సైకిళ్ళు

“బంపరు మీద ఆ సైకిళ్ళు ఉంటే ఈ బండి చిలకలూరిపేట దాటదు. రాసిపెట్టుకోండి.”

“అమ్మమ్మా, ఇదేం ఎద్దుల బండి కాదు,” అంది మనవరాలు.

“ఎద్దుల్లేకపోతే బండి కాకుండా పోద్దా? రెండు చక్రాలున్నాయా? ముందు లాగేది ఒకటుందా? బండి అనడానికి ఇంకేం కావాలే?”

“ఇది ట్రైలరు. లాగేది కారు. కారుకి మెడనొప్పి రాదు.”

“కారుకి రాదు. అందులో కూర్చున్న నీకొస్తుంది.”

అల్లుడు మధ్యలోకి వచ్చాడు. “అత్తయ్య గారూ, ఆ సైకిల్ స్టాండు నా చేత్తో వెల్డింగు చేశాను. రెండు సైకిళ్ళు కాదు, గేదెని కట్టినా ఊడదు.”

“నీ వెల్డింగు ఊడుతుందని ఎవరన్నారయ్యా? నీ వెల్డింగు గట్టిదే. అది పట్టుకుని వేలాడుతున్న పైపు సంగతి చెబుతున్నాను. ఇటు రా, విను.”

బొడ్లో ఉన్న తాళాల గుత్తి తీసి బంపరు మీద కొట్టాను. ఖాళీ నూనె డబ్బా మోగినట్టు మోగింది.

“మోగితే ఏమైంది?” అన్నాడు.

“లోపల ఏమీ లేదనేగా!”

వంటింట్లోంచి నా కూతురు కేకేసింది. “మీరు ముగ్గురూ ఒక్క నిమిషం నోరు మూసుకుంటే పులిహోరలో ఉప్పు వేశానో లేదో గుర్తు తెచ్చుకుంటాను!”

అది పోయిన మిరపకాయల రోజుల్లో, మధ్యాహ్నం రెండు గంటలప్పుడు, సత్తెనపల్లికి దగ్గర్లో ఉన్న మా ఇంటి వాకిట్లో జరిగిన గొడవ. నాలుగింటికల్లా మేమంతా ఒంగోలు బయలుదేరాలి. మరుసటి రోజు పొద్దున్నే అక్కడ నా మనవరాలికి సైకిల్ పందెం. పందెమంటే తిరనాళ్ళలో ఆడే ఆట కాదు. అందులో ముందు వచ్చిన ఆరుగురిని రాష్ట్రం తరఫున పంపిస్తారు. పందొమ్మిదేళ్ళ లోపు వాళ్ళకే ఆ పోటీ. దానికి పద్దెనిమిది దాటాయి. వచ్చే ఏడు అది ఆ గీతకి అవతల ఉంటుంది.

అంతకు ముందు ఏడాది కూడా వెళ్ళింది. సైకిలుని బస్సు పైన కట్టి తీసుకెళ్ళారు. దిగి చూసుకునేసరికి ముందు చక్రం అప్పడంలా వంకర తిరిగి ఉంది. మిగతా పిల్లలు తొక్కుతుంటే ఇది రోడ్డు పక్కన సైకిలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంటికొచ్చాక వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఏడ్చినా బాగుండేది. ఆ వారం రోజులూ చూడలేకే మా అల్లుడు ఆ ట్రైలరు తెచ్చాడు.

దాని గురించి చెప్పాలి. వాడరేవులో సముద్రం ఒడ్డున ఒకాయన దాన్ని శని ఆదివారాలు వచ్చేవాళ్ళకి అద్దెకిచ్చేవాడు. చక్రాల మీద ఒక గది. లోపల రెండు పడకలు, పొయ్యి పెట్టుకునే బల్ల, ఒక కిటికీ. ఉప్పుగాలికి తుప్పెక్కి, ఎవరూ కొనక మూలపడి ఉంటే మా అల్లుడు కారు వెనక తగిలించి లాక్కొచ్చాడు. వాకిట్లో దాన్ని చూసి “ఈ కోళ్ళగూడు ఎందుకు తెచ్చావయ్యా?” అన్నాను. సైకిళ్ళు వేసుకుని ఎక్కడికంటే అక్కడికి వెళ్ళి అందులోనే పడుకోవచ్చు, లాడ్జీ ఖర్చు ఉండదు అన్నాడు. లాడ్జీ ఖర్చు ఉండదన్నాక నేనింక మాట్లాడలేదు.

మా అల్లుడు ఇరవై ఏళ్ళుగా లారీలకి బాడీలు కట్టే షెడ్డులో పని చేస్తున్నాడు. ఇనుము అతని మాట వింటుంది. అందులో నాకు అనుమానం లేదు. నాలుగు నెలలు ఆదివారాలన్నీ దానికే పెట్టి అడుగు రేకు మార్చాడు, గోడలు వేశాడు, మీగడ రంగు పూశాడు. కానీ లారీలు కట్టేవాడికి లారీ తలకాయే ఉంటుంది. లారీకి వెనకవైపు ఎంత బరువు వేసినా కిందనే చక్రాలుంటాయి, మోస్తాయి. ఈ ట్రైలరుకి చక్రాలు నడుమన ఉన్నాయి, రెండంటే రెండు. లారీకి వేసినట్టే దీనికీ వెనక బంపరుకి ఒక స్టాండు వెల్డింగు చేసి, పందేనికొకటి, అది పాడైతే ఇంకొకటి అని రెండు సైకిళ్ళూ నిలబెట్టాడు. స్టాండు కింద ఒక ఇనుప బుట్ట కూడా బిగించాడు. అందులో పనిముట్ల పెట్టె, గాలి పంపు, రెండు నీళ్ళ క్యాన్లు, మడత కుర్చీలు. అన్నీ వెనకే.

ఆ బంపరు ఏమిటంటే నాలుగు పలకల బోలు పైపు. పాతాయన అందులో మురికినీళ్ళు వదిలే గొట్టం దాచుకునేవాడట. గొట్టం దాచుకునే దాని మీద ఇంత సంసారం వేలాడదీశాడు.

“మాటలెందుకు? కారు నుంచి కొక్కెం తీయండి,” అన్నాను.

“ఇప్పుడే తగిలించాం అమ్మమ్మా!”

“తగిలించడానికి ఎంతమంది పట్టారు?”

“పొద్దున ఖాళీగా ఉన్నప్పుడు నేనూ నాన్నా ఇద్దరం పట్టాం. ఇందాక...” అని ఆగింది. “ఇందాక నాన్న ఒక్కడే పట్టాడు.”

“బరువు వేశాక తేలికైందన్నమాట. ఎక్కడికి పోయిందే ఆ బరువు?”

అది వెనకవైపు చూసింది. తెలివైన పిల్ల. వెంటనే వెళ్ళి కొక్కెం విడదీసింది. నేను చెంగు నడుముకి దోపి, ట్రైలరు ముందుకి పొడుచుకొచ్చిన ఆ ఇనుప నొగ కింద చేతులు పెట్టాను. డెబ్బై మూడేళ్ళు నాకు. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయని డాక్టరు చెప్పాడు. ఎత్తాను. రోకలి లేచినట్టు లేచింది. ఒక చెయ్యి వదిలేశాను. అయినా పైనే ఉంది.

అల్లుడు వంగి ఇరుసు కేసి చూశాడు.

నాకిది ఎవరూ బళ్ళో చెప్పలేదు. బడికి వెళ్ళిందే మూడేళ్ళు. కాపురానికొచ్చిన కొత్తలో మా వారికి ఒక బండి, రెండు తెల్ల ఎడ్లు ఉండేవి. ఒకనాడు పత్తి తీసి ఇంటికి వస్తుంటే వాన పట్టింది. పొడి పత్తి ముందు వేసి, తడిసిన రెండు గోతాలు బండి వెనక చివర వేశాను. ఇంటి దగ్గర దించడం సులువని. వాగు గట్టు ఎక్కుతుంటే బండి వెనక్కి ఒరిగింది. ముందున్న కాడి పైకి లేచింది. కాడికి కట్టిన తాళ్ళు ఎడ్ల మెడలకి బిగుసుకుని, పాపం, ముందు కాళ్ళు రెండూ గాల్లోకి లేచిపోయాయి. నాలుకలు బయటికొచ్చాయి. మా వారు కొడవలితో తాళ్ళు తెంపకపోతే ఆ రోజే రెండూ పోయేవి.

మా మామగారు మరునాటి నుంచి బండి నిండినప్పుడల్లా నన్ను పిలిచి కాడి ఎత్తించేవారు. “ఏడాది పిల్లని చంకనెత్తుకున్నంత బరువుండాలమ్మాయ్. అంతకంటే తేలిగ్గా ఉంటే బండి కదలడానికి లేదు,” అనేవారు. తర్వాత తర్వాత మా వీధిలో ఎవరి బండి కట్టినా నన్ను కేకేసేవాళ్ళు. మిరపకాయల బళ్ళు గుంటూరు యార్డుకి బారులు కట్టి వెళ్ళే రోజుల్లో నేను కాడి ఎత్తి చూడనిదే ఒక్క బండీ కదిలేది కాదు. పిల్ల చంకలో ఉండగా కూడా వెళ్ళి ఎత్తి చూశాను. నేను సరే అన్న బండి ఒక్కటీ దారిలో ఒరగలేదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. గొప్పే, కాబట్టి చెబుతున్నాను.

ఇదంతా వాకిట్లో నిలబడి వాళ్ళకి చెప్పాను. అల్లుడు తల గోక్కున్నాడు. మనవరాలు మాత్రం గబగబా వెళ్ళి రెండు సైకిళ్ళూ విప్పి అరుగుకి ఆనించింది. తిరిగొచ్చి తను నొగ ఎత్తి చూసింది.

“ఇంకా తేలిగ్గానే ఉంది అమ్మమ్మా.”

“ఉంటుంది. నీళ్ళ క్యాన్లున్నాయిగా.”

క్యాన్లు దించింది. పెట్టె దించింది. ఎత్తి చూసింది. “ఇంకా తేలికే. నా సైకిళ్ళు రెండూ కలిపి పాతిక కిలోలుండవు. బుట్టలో ఇంకేదో ఉంది.”

నాకు ఏముందో తెలుసు. తెలిసే ఊరుకున్నాను.

అది వెనక్కి వెళ్ళి బుట్ట అడుగున కప్పిన నీలం పట్టా లాగింది. “అమ్మమ్మా, ఇదేంటి?”

“మిరపకాయలు.”

“ఎన్ని?”

“ఒక టిక్కీ.”

“టిక్కీయా! మూటా?”

“మీ పెద్దమ్మకి. ఒంగోల్లో కాయ బాగుండదంటుంది.”

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. అది మా అత్తగారి నాటిది. ఏ బండీ ఈ వాకిలి నుంచి ఉత్తగా పోకూడదు. సైకిలు మీద సంతకి వెళ్ళినా దారిలో ఎవరికో ఇవ్వాల్సింది ఒకటి హ్యాండిలుకి తగిలించాల్సిందే. ఇంత పెద్ద ట్రైలరు ఒంగోలు దాకా వెళుతుంటే నాకు చేతులు ఊరుకుంటాయా? పొద్దున వీళ్ళు టీ తాగుతున్నప్పుడు పక్కింటావిడా నేనూ చెరో కొస పట్టుకుని, కూరి కుట్టిన నిండు మూటని ఆ బుట్టలో పెట్టాం. పక్కన ఊరగాయ జాడీ. వెనకే ఎందుకు పెట్టావంటే, పెద్దమ్మాయి గుమ్మం ముందు దించడం సులువని.

ఆ మాట నోటి దాకా వచ్చి నాకే గుర్తొచ్చి ఆగిపోయింది. యాభై ఏళ్ళ నాడు వాగు గట్టు మీదా ఇదే మాట అన్నాను.

“టిక్కీ ఎంత బరువుంటుంది అమ్మమ్మా?”

“నలభై.”

“గంట నుంచి ఎవర్ని తిట్టావు?”

“సైకిళ్ళని.”

“ఇప్పుడు ఎవర్ని తిట్టాలి?”

అల్లుడు గోడవైపు తిరిగి భుజాలు కదిలిస్తున్నాడు. ఏడుస్తున్నాడేమో అనుకునేవాళ్ళు అనుకోవచ్చు. “నవ్వవయ్యా, నవ్వు. అత్తగారు దొరికింది కదా,” అన్నాను. అతను నిజంగానే పైకి నవ్వాడు. మనవరాలూ నవ్వింది. నేను నవ్వలేదు. తప్పు చేసినవాళ్ళు వెంటనే నవ్వకూడదని నా లెక్క.

ఇంక అక్కడి నుంచి పెత్తనం అది తీసుకుంది. నేను ఇచ్చేశాను.

ముందు అల్లుడు బంపరు కిందకి దూరి, స్టాండు కోసి తీసేద్దామని గ్రైండరు పెట్టాడు. రెండు నిమిషాలకే ఆపేశాడు. “అత్తయ్య గారూ, ఇటు రండి.” పైపు చివర, ట్రైలరుకి అతుక్కున్న చోట, లోపలి నుంచి తుప్పు తినేసింది. పైన మీగడ రంగు నిగనిగలాడుతోంది. బొటనవేలితో నొక్కాడు. వేలు లోపలికి పోయింది. అతను వెల్డింగు చేసిన చోటు మాత్రం చెక్కు చెదరలేదు.

కాసేపు ఆ బొక్క కేసి చూస్తూ కూర్చున్నాడు. కూతురి చక్రం అంతకు ముందు ఏడు వంకర పోయింది. ఈసారి సైకిలే రోడ్డు మీద పడి, వెనకొచ్చే లారీ కింద పోయేది. లేచి స్టాండు మొత్తం కోసేశాడు. నాలుగు ఆదివారాల పని. కోసిన ఇనుముని సణగకుండా, విసిరికొట్టకుండా గోడకి ఆనించాడు. తన పని తప్పని తెలిసినప్పుడు దాన్ని తన చేత్తోనే కోసేవాడు మా ఇంటి అల్లుడైనందుకు ఆ రోజు నాకు కడుపు నిండింది. అతనికి చెప్పలేదు. చెబితే మళ్ళీ స్టాండు పెడతాడు.

మనవరాలు రెండు సైకిళ్ళ చక్రాలూ ఊడదీసింది. ట్రైలరు లోపల, సరిగ్గా ఇరుసు పైన, నేల మీద నా పాత బొంత పరిచి, సైకిళ్ళని పడుకోబెట్టి, ఇంకో బొంత కప్పి తాళ్ళతో బిగించింది. చక్రాలు పడక మీద, దిండ్ల మధ్య. నీళ్ళ క్యాన్లు, పెట్టె ఇరుసుకి కొంచెం ముందు. మడత కుర్చీలు కారులో. తాడు ముడి నేను లాగి చూశాను. వదులు లేదు. ఎవరు నేర్పారో.

“టిక్కీ కూడా లోపల పెట్టు. ఆ మూలనే సరిపోతుంది,” అన్నాను.

“రాత్రికి మైదానం పక్కన మనం పడుకునేది అందులోనే. తెల్లారేసరికి నేను తుమ్ముతూ తొక్కాలా?”

“అయితే కొక్కెం దగ్గర, ముందు చట్రం మీద కట్టు.”

“అప్పుడు ముందు మరీ బరువై కారు వెనక భాగం కిందకి కూర్చుంటుంది. టిక్కీ రాదు అమ్మమ్మా.”

ఆ స్వరం నాకు తెలుసు. అది నాదే. మా వీధి బళ్ళ ముందు నిలబడి “ఇది కదలడానికి లేదు” అన్నప్పటిది. నేనే మూట ఒక కొస పట్టుకున్నాను, మనవరాలు రెండో కొస పట్టుకుంది. తీసుకెళ్ళి కొట్టుగదిలో పెట్టాం. ఊరగాయ జాడీ ఒక్కటి ఒళ్ళో పెట్టుకోవడానికి ఒప్పుకుంది.

చివరికి మళ్ళీ నొగ ఎత్తమన్నారు నన్ను. వంగి పట్టుకున్నాను. లేవలేదు. ఇంకోసారి పట్టాను. వేలెడు లేచి చేతుల్లోంచి దిగిపోయింది.

“ఎక్కువైంది. ఏడాది పిల్లంత ఉండాలని చెప్పానా?” అన్నాను.

“అది ఎద్దు నడకకి. ఇది కారు వేగానికి,” అని లోపలికి వెళ్ళి, రోజూ తను ఎక్కి చూసుకునే బరువు మిషను తెచ్చింది. దాని మీద చెక్క దుంగ పెట్టి, నొగ దాని మీద దించింది. అరవై రెండు చూపించింది. అల్లుడు పత్తి లారీలు తూచే కాటా మీద ట్రైలరుని ముందే తూయించి ఉన్నాడు. ఈ సామానుతో కలిపి ఆరు వందల పైచిలుకు. మొత్తంలో పదో వంతు కొక్కెం మీద పడాలట. అంతకు తగ్గితే వేగంలో వెనక భాగం పాము తోకలా కొట్టుకుంటుందట. ఫోనులో చదివిందట.

“నువ్వు ఎత్తలేకపోయావంటే సరిగ్గా ఉన్నట్టు,” అంది.

నా చేతులతో నేను కనిపెట్టింది అది అంకెల్లో చెప్పింది. నేను కొంత తప్పు, అది మొత్తం ఒప్పు. నాకు కోపం రావాలి. రాలేదు. అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగాను. నేను ఎంతోమంది బళ్ళు చూశాను గానీ, బండిని చూడగలిగిన మనిషిని నా తర్వాత మా ఇంట్లో చూస్తాననుకోలేదు.

నాలుగింటికి కాదు, అయిదున్నరకి బయలుదేరాం. నర్సరావుపేట దాకా దారి పొడుగునా పీకిన పత్తి కట్టె కుప్పలు, కళ్ళాల్లో ఎర్రగా మిరపకాయలు. నా కూతురు ముందు సీట్లో, నేనూ మనవరాలూ వెనక. చిలకలూరిపేట దగ్గర పెద్ద రోడ్డెక్కాక లారీలు పక్క నుంచి దూసుకుపోతుంటే నేను మెడ తిప్పి వెనక అద్దంలోంచి ట్రైలరునే చూస్తున్నాను. లారీ దాటినప్పుడు గాలికి ఒక్కసారి ఊగి, మళ్ళీ తన గీతలోకి వచ్చేస్తోంది.

“అత్తయ్య గారూ, ఎలా ఉంది?” అద్దంలోంచి చూస్తూ అడిగాడు అల్లుడు.

“ముందు చూసి నడుపు. వెనక నేను చూస్తున్నాను,” అన్నాను.

మనవరాలు నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. పందెం ముందు రోజు దానికి నిద్ర పట్టదని కూతురు చెప్పింది. ఆ రోజు పట్టింది.

మరునాడు పొద్దున ఆరింటికి ఒంగోలులో మైదానం పక్కన ట్రైలరు తలుపు తీసి, తాళ్ళు విప్పి, బొంత మీది నుంచి సైకిలు బయటికి తెచ్చింది. చక్రాలు బిగించింది. వంకర లేదు, గీత లేదు. ఏడున్నరకి పందెం మొదలైంది. ఎండ ముదిరాక పూర్తయింది. నా మనవరాలు అయిదోదిగా వచ్చింది. ఆరుగురి పేర్లూ చదివారు, అందులో దాని పేరు ఉంది. అది సైకిలు దిగి, హెల్మెట్టు తీసి, ముందు చక్రం ఒకసారి గిర్రున తిప్పి చూసుకుని, తర్వాత మా వైపు చూసింది.